బలం, లేదా భయం

అమెరికాలో, పిస్కాటవే ఊళ్ళో ఎమ్మెస్ చదివే రోజుల్లో, ఎనభై మూడులో, వదిన పుస్తెలతాడు పోయింది. వదినంటే చుట్టం కాదు. పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే సీనియర్‌ని అన్నయ్య అనేవాణ్ణి, ఆయన భార్య వదిన. లాండ్రీ దగ్గర పార్కింగ్‌లో ఎవడో లాక్కుపోయాడని ఆమె పోలీసులకు చెప్పింది. మెడ మీద గీత కూడా లేకపోవడంతో వాళ్ళకు నమ్మకం కుదరలేదు. వారం తర్వాత డిటెక్టివ్ మళ్ళీ రమ్మన్నాడు. ఆమెకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. భర్త కాకుండా వేరెవరైనా తర్జుమా చేయాలన్నాడట. అన్నయ్య నన్ను రమ్మన్నాడు.

ఏ పనికైనా ముందు చదువుకుని వెళ్ళడం నా అలవాటు. లైబ్రరీలో దొరికింది ఇంగ్లండు నేరచట్టం పుస్తకం. ఇక్కడి చట్టానికి మూలం అదే కదా అనుకుని, దోపిడీ అనడానికి ఏమేం ఉండాలో కార్డు మీద రాసుకున్నాను. ఒకటి, సొత్తు ఇంకొకరిది కావాలి. రెండు, నిజాయితీ లేకుండా, ఇక తిరిగివ్వకూడదనే తీసుకోవాలి. మూడు, బలం వాడాలి, లేదా అప్పటికప్పుడు వాడతానని భయపెట్టాలి. నాలుగు, అది దొంగతనానికి కాస్త ముందో, అదే క్షణంలోనో, ఆ దొంగతనం కోసమే జరగాలి. మూడో దాంట్లో ‘లేదా’ కింద గీత గీశాను.

అన్నయ్య కారు పార్క్ చేసి వచ్చేలోగా, స్టేషన్ మెట్ల మీద వదిన మెల్లగా అంది:

"వాడు నన్ను ముట్టుకోలేదు. తుపాకీ ఉన్నట్టు జేబులో చెయ్యి పెట్టుకుని నా మెడకేసి చూపించాడు. నా చేత్తో నేనే తీసిచ్చేశాను. మీ అన్నయ్యకి తెలియకూడదు, సరేనా?"

సరేనన్నాను. భర్త బతికుండగా పుస్తెలు తన చేత్తో తీసిన మనిషి కాకూడదన్నదే ఆమె బాధ.

లోపల డిటెక్టివ్ అడిగిందే అడిగాడు. లాగితే గొలుసు తెగాలి కదా, మెడ కమలాలి కదా అన్నాడు. అసలు ఏమైనా పోయిందా అన్నట్టు చూశాడు. వదిన లాగాడనే అంటోంది. ఆమెను అబద్ధాలకోరుగా చూస్తుంటే ఉండబట్టలేకపోయాను. భయపడి ఆమే తీసిచ్చిందని, భయపెట్టి తీసుకున్నా దోపిడీయేనని ఇంగ్లిష్‌లో చెప్పేశాను. అన్నయ్య పక్క కుర్చీలోనే ఉన్నాడు. డిటెక్టివ్ తలూపి, ఫారంలో దోపిడీ అని రాసుకున్నాడు. లెక్క తేలినంత తృప్తిగా అనిపించింది నాకు.

ముగ్గురం కారులో తిరిగి వస్తున్నాం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, అన్నయ్య రోడ్డు మీంచి చూపు తిప్పకుండా వదినతో అన్నాడు:

"ఒక్క నిమిషం వెయిట్ చేయలేకపోయావా? వాడే లాక్కునేవాడు కదా."

"భయమేసిందండీ."

"ఎంత భయమేస్తే మాత్రం."

వదిన కోటు కాలర్ మెడ చుట్టూ దగ్గరికి లాక్కుని కిటికీ వైపు తిరిగింది. దోపిడీకి గురైన మనిషి ఎదిరించి తీరాలని ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. డిటెక్టివ్‌కి అడక్కుండానే చెప్పినవాణ్ణి, వెనక సీట్లో కూర్చుని ఆ ఒక్క మాట అన్నయ్యకి చెప్పలేకపోయాను.