మడ అడవిలో మా ఆవిడ పేరు

ప్రభుత్వ స్టైపెండ్‌తో ఎకాలజీ, ప్రభుత్వ భూముల నిర్వహణ చదువుతున్న మా పీజీ విద్యార్థులకు ఈ రోజు ఫీల్డ్ శిక్షణలో ఆఖరి రోజు. నాగాయలంక దగ్గర మడ అడవిలో చివరి మొక్కలు నాటారు. తిరిగి వచ్చేటప్పుడు చూస్తే ఒడ్డున ఒక బోర్డు పాతి ఉంది: ‘కీ.శే. సుశీల గారి జ్ఞాపకార్థం.’

సుశీల మా ఆవిడ. ఈ వేసవిలో చనిపోయింది.

“ఆవిడ ఈ అడవికి చేసిందేముంది? ఒక్కసారి వచ్చి, బురదలో చెప్పు పోగొట్టుకుని, మనందరినీ తిట్టి వెళ్లింది” అన్నాను.

“మాకు రెండేళ్లు పులిహోర కట్టి పంపారు కదండీ. ఆ బలంతోనే కదా సార్ ఇవన్నీ నాటాం” అంది ఆ విద్యార్థుల్లో ఒకమ్మాయి లావణ్య.

“ప్రభుత్వ భూమిలో సొంత పేర్లు పెట్టకూడదని పాఠం చెప్పానా లేదా? ఇదేమన్నా గుళ్లో ఫ్యానా, దాత పేరు రాయించడానికి?”

“చెప్పారండీ. అయితే మీరే పీకేయండి సార్.”

బోర్డు మీద చెయ్యి వేశాను. పిల్లలందరూ ఎండ్రకాయల వైపు చూస్తూ నిలబడ్డారు. చీకటి పడుతోందని చెప్పి అందర్నీ పడవ ఎక్కించాను. అప్పటికి నాలుగు కూడా కాలేదు.

రూలు నాదే. మీరైతే ఏం చేసేవారో చెప్పండి. నేను మాత్రం ఈ ఒక్క రాత్రికి ఆవిడ పేరును అక్కడ ఉండనిచ్చి, రేపు పొద్దున్నే పడవలో వెళ్లి ఆ బోర్డు పీకేస్తాను.