ఆగు జగన్నాధం కంచె

చెన్నైలో కట్టుబడి పనులు చేసినన్నాళ్లూ జగన్నాధాన్ని అందరూ ఆగు జగన్నాధం అనేవారు. ఇరవై రెండేళ్లు అక్కడ కాంక్రీటు పోశాడు. కింద దన్నుగా పెట్టిన కర్రలు ఎవరు ఊడదియ్యబోయినా పరిగెత్తుకొచ్చి, "ఆగు, ఆగు, ఇంకా పచ్చిగున్నాది" అని అడ్డం పడేవాడు. మేస్త్రీలు విసుక్కునేవారు. కూలీలు నవ్వేవారు. నవ్వితే నవ్వారు గానీ, ఆయన బాధ ఆయనది. ఒకసారి ఎవరో రెండు రోజుల ముందే దన్ను తీసేస్తే శ్లాబు కూలి, పక్క ఊరి ధనరాజు కాలు పోయింది. అది కళ్లారా చూసినవాడు జగన్నాధం.

అంతటి మనిషీ తన సొంత పెరటి కంచె దగ్గరకొచ్చేసరికి తొందరపడ్డాడు. ఎందుకు తొందరపడ్డాడో వినకుండా ఆయన్ని తిట్టడం న్యాయం కాదు.

ఆయనది పలాస దాటాక ఉద్దానంలో ఓ చిన్న ఊరు. పెరడు దాటితే జీడితోటలు, తోటలు దాటితే కొండ. కిందటేడు వేసవిలో, తెల్లవారుతుండగా, ఆయన భార్య ఈశ్వరి అంట్లు తోముకోవడానికి పెరట్లో నూతి దగ్గరకు వెళ్లింది. పనసచెట్టు కింద రాలిన పండు తింటున్న ఎలుగుబంటి తలెత్తి చూసింది. ముందు అది బెదిరిందో, ఈమె బెదిరిందో తెలియదు. ఈశ్వరి ఎడమ భుజానికి ఇరవై కుట్లు పడ్డాయి. భుజం మానింది గానీ భయం మానలేదు.

పదకొండు నెలలుగా ఆమె పెరటి గడప దాటలేదు. వీధి కుళాయి నీళ్లు మోసుకొచ్చి, వీధరుగు మీదే అంట్లు తోముకునేది. "ఒలే ఈశ్వరీ, మీ ఇంట్లో గిన్నెలెన్నో ఊరందరికీ తెలిసిపోనాదే!" అని పొరుగింటి బుల్లమ్మ వేళాకోళమాడితే తనూ నవ్వేది. నవ్వి, లోపలికెళ్లి ఏడ్చేది. ఒకప్పుడు ఆ పెరడంతా ఆమె రాజ్యం. దొండపాదూ, వంగమొక్కలూ, చుట్టూ బంతిపూలూ ఉండేవి. ఇప్పుడక్కడ ఎండు పుల్లలు తప్ప ఏమీ లేవు.

ఈ ఏడు జగన్నాధం చెన్నై పని మానుకుని ఊళ్లోనే ఉండిపోయాడు.

"కంచె ఏస్తే పెరట్లోకి దిగుతావా?" అని భార్యని అడిగాడు.

"గట్టిగుంటే దిగుతాను మావా. ఊగిందంటే మాత్రం నన్నడక్కు."

అంతే, ఆయనకి అదే ధ్యాస అయిపోయింది. బుధవారం నాడు పద్నాలుగు సిమెంటు స్తంభాలకి పద్నాలుగు గోతులు ఒక్కడే తవ్వాడు. అది ఇసుక నేల. తవ్వుతుంటే అంచులు జారి గొయ్యి పూడిపోతూనే ఉంటుంది. కంకర, ఇసుక, సిమెంటు కలిపి, ఒక్కో స్తంభాన్నీ తూకం గుండు వేసి నిలువు చూసి, చుట్టూ కాంక్రీటు కూరి, మొదళ్లకి తడి గోనెసంచులు చుట్టాడు. వారం రోజులు తడపాలి. ఆ తర్వాతే ఇనప జాలీ బిగించాలి. ఈ లెక్క ఆయనకెవరూ నేర్పనక్కర్లేదు.

కానీ గురువారం మధ్యాహ్నానికి పనసపండు వాసన మొదలైంది.

ఆ ఊళ్లో ఓ మొక్కుంది. ఏటా పనసచెట్టుకి మొదట ముగ్గిన పండు అమ్మవారిది. జాతర సంబరం నాడు ఆమెకి ఇచ్చేదాకా ఆ చెట్టు మీద కత్తి వెయ్యరు. సంబరం వచ్చే మంగళవారం. పండు మాత్రం అంతదాకా ఆగేలా లేదు. ఇంటి నిండా వాసనే. జగన్నాధానికి అన్నం సయించలేదు.

"మా తోటలో ఎలుగు కొమ్మలిరిసీసినాది. ఈ వాసనకి రేపో ఎల్లుండో ఇటే వచ్చీస్తాది," అని బుల్లమ్మ చెప్పిపోయింది.

"ఆ పండు కోసీమంటావా?" అని ఈశ్వరిని అడిగాడు జగన్నాధం.

"అమ్మోరికివ్వకుండానా? నా పేణం నిలబెట్టింది ఆ తల్లే. నాను ఒప్పుకోను."

పండు కొయ్యడానికి లేదు. కాంక్రీటు చూస్తే పచ్చిది. ఎలుగు మళ్లీ ఒక్కసారి పెరట్లోకొచ్చిందంటే, ఈశ్వరి ఇక ఈ జన్మలో ఆ గడప దాటదు. శుక్రవారం పొద్దున్నే లేచి గోనెసంచి తీసి కాంక్రీటు మీద గోటితో గీశాడు. గీత పడింది. పడినా, పడనట్టే చూశాడు. పరాయివాళ్ల మేడలకి ఇన్నేళ్లు ఆగు ఆగు అని అరిచిన నోరు ఆరోజు పెగల్లేదు. జాలీ చుట్ట విప్పి, ఒక్కో స్తంభానికీ తీగతో కట్టుకుంటూ, చివర మూల దగ్గర గునపం వేసి బలంకొద్దీ లాగి బిగించాడు.

మూడు గంటల వేళ మూల స్తంభం మొదలు దగ్గర పటుక్కుమంది. కళ్ల ముందే అది లోపలికి వంగసాగింది. జగన్నాధం ఉరికి భుజం అడ్డంపెట్టాడు. అది పడితే జాలీ లాగుడికి పక్కదీ, దాని పక్కదీ వరసగా ఒరిగిపోతాయి. భుజం తీస్తే పడుతుంది. తియ్యకపోతే కట్టు వదులు చెయ్యడానికి లేదు. దన్ను పెట్టాల్సిన సరుగుడు కర్ర పనసచెట్టు మొదట్లో ఉంది.

"ఈశ్వరీ! ఎవుల్నైనా పిలువే!"

ఈశ్వరి పెరటి గుమ్మంలోకొచ్చి చూసింది. "ఎవులున్నారు మావా? అందరూ జీడిపిక్కల పనికెల్లిపోనారు."

జగన్నాధం స్తంభానికి భుజం ఇంకా గట్టిగా ఆనించాడు. ఆమెని రమ్మనడానికి నోరు రాలేదు. ఊగితే అడక్కన్నది కదా, ఊగుతున్నదాన్ని భుజాన మోస్తూ ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు? కాళ్లు ఇసుకలో దిగబడుతున్నాయి. జాలీ అంచు మెడకి కోసుకుపోయింది.

వెనక అడుగుల చప్పుడైంది. తిరిగి చూడ్డానికి లేదు. కర్ర ఈడ్చుకొస్తున్న చప్పుడు. ఈశ్వరి బిగబట్టిన ఊపిరితో, చెట్టు వైపు చూడకుండా వచ్చి, కర్ర కొసని స్తంభానికి ఆనించింది.

"ఇక్కడేనా?"

"ఇంకాస్త కిందికి. ఆ, అక్కడే. చెయ్యి తీకు."

ఆమె కర్రని రెండు చేతులా పట్టుకుంది. ఆయన కర్ర మొదలుకి రాయి కొట్టి, పరుగున వెళ్లి జాలీ కట్టు వదులు చేసి, స్తంభాన్ని మళ్లీ నిలువుకి తెచ్చి రెండో వైపు ఇంకో కర్ర దన్ను పెట్టాడు. స్తంభం నిలబడింది. ఇక ఎవరూ పట్టుకోనక్కర్లేదు. ఆ సంగతి మాత్రం జగన్నాధం చెప్పలేదు. చెబితే ఆమె లోపలికి వెళ్లిపోతుంది.

"ఇంకాసేపు పట్టుకో. పచ్చిగున్నాది కదా," అన్నాడు.

ఈశ్వరి పట్టుకుంది. ఆయన చేసే పని లేకపోయినా అక్కడా ఇక్కడా తీగలు సర్దుతూ తిరిగాడు. జీడితోటలో ఏ ఆకు కదిలినా అటే చూస్తున్నాడు. ఆమె మెల్లగా తలెత్తి నూతివైపు చూసింది, ఎండిన దొండపాదు వైపు చూసింది, చివరికి పనసచెట్టు వైపు కూడా చూసింది.

"మావా, ఇది ఎప్పుడో నిలబడిపోనాది. నాకు తెల్దనుకున్నావేటి?"

జగన్నాధం దొరికిపోయినవాడిలా నిలబడ్డాడు. "మరి... లోపలికెల్లిపోదామా?"

"నువ్వెల్లి టీ పెట్టు. నానిక్కడే ఉంటాను."

ఒక్కదాన్నీ వదిలి వెళ్లడానికి ఆయనకి కాళ్లాడలేదు. అయినా గడప దాటి లోపలికి వెళ్లాడు. గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాడు గానీ, వెలిగించడం మరిచిపోయి పెరటివైపు కిటికీ దగ్గరే నిలబడిపోయాడు.