మూడో పలక

మా కర్నూలు క్లబ్బులో బిలియర్డ్స్ బల్ల దగ్గర మార్కర్‌గా ఉండిన పెద్దాయనను మేమంతా చిచ్చా అనేవాళ్ళం. సాయిబుల ఇండ్లలో చిన్నాయనను పిలిచే పిలుపు అది. వకీళ్ళు, డాక్టర్లు, కలెక్టరాఫీసు వాళ్ళు, ఆఖరికి వయసులో ఆయన కంటే పెద్దవాళ్ళు కూడా చిచ్చా అనే పిలిచేవాళ్ళు. మార్కర్ అంటే గోడకున్న బోర్డు మీద ముల్లు జరుపుతూ, ఆడేవాళ్ళలో ఎవరికెన్ని వచ్చాయో గట్టిగా చెప్పే మనిషి. ఆయన చేసింది ఆ ఒక్క పనే అయితే ఇన్నేళ్ళ తర్వాత నేను కూర్చుని ఇది రాసేవాణ్ణి కాదు.

పొద్దున్నే వచ్చి బల్ల మీద పరిచిన పచ్చ బనాతు గుడ్డను బ్రష్షుతో దువ్వేవాడు. కర్నూలు దుమ్ము సంగతి చెప్పేదేముంది, కిటికీలు మూసినా తలుపు సందులోంచి వచ్చి కూర్చుంటుంది. దువ్వడం అయ్యాక ఇస్త్రీపెట్టె వేడిచేసి, బనాతు నూగు ఒకే వైపుకు పడుకునేలా ఈ చివర నుంచి ఆ చివరకు ఇస్త్రీ చేసేవాడు. ఆయన చొక్కాకు మాత్రం ఏనాడూ ఇస్త్రీ చూడలేదు. కొత్తగా కర్ర పట్టినవాళ్ళ వెనక నిలబడి మోచేతిని రెండు వేళ్ళతో సరిచేస్తూ, "ఆహిస్తా, ఆహిస్తా" అనేవాడు. మెల్లగా అని. రోజుకు ఎన్నిసార్లు అనేవాడో ఆ మాట.

నాకు ఆ మాట అసలు గిట్టేది కాదు. మాది వేరుశనగ వ్యాపారం. మా ఇంట్లో చెల్లే సామెత ఒక్కటే, ఆలస్యం అమృతం విషం. అందులోనూ నేను ఎనిమిదో నెలలోనే పుట్టినవాణ్ణి. "కడుపులో కూడా నెమ్మదిగా కూచోలేదు వీడు" అని మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అలాంటివాణ్ణి, ఒక డాక్టరు గారి సిఫారసుతో క్లబ్బులో చేరాను. అందరిలోకీ చిన్నవాణ్ణి, కొత్తవాణ్ణి, అంగడి నడిపేవాణ్ణి నేనొక్కణ్ణే. "శనక్కాయల శెట్టికి బిలియర్డ్సేందప్పా?" అని పేకాట గదిలో నవ్వుకునేవాళ్ళు. వినబడేటట్టే నవ్వుకునేవాళ్ళు.

చిచ్చా మాత్రం ఏనాడూ నవ్వలేదు. "నీ చెయ్యి మంచిది శెట్టీ, దానికి నీ బుద్ధే అడ్డమొస్తాండాది" అన్నాడు మొదటి వారమే. ఇద్దరికీ అప్పుడే కుదిరింది.

ఆయన పెట్టిన ఆచారం ఒకటి చెప్పాలి, తర్వాత జరిగిందంతా దానితోనే ముడిపడి ఉంది. ఆటలో చొక్కా చెయ్యి బంతికి తగిలినా, తప్పు బంతిని కొట్టినా ఫౌల్. అది చెప్పవలసినవాడు మార్కరే. చిచ్చా వెంటనే చెప్పేవాడు కాదు. చూసీ చూడనట్టు తలెత్తి ఇంటికప్పు దూలాల కేసి చూస్తూ నిలబడేవాడు. ఆడినవాడు తనంతట తాను "ఫౌల్, నాది" అనడానికి ఇచ్చే వ్యవధి అది. అన్నాడా, ఆయన కళ్ళు కిందికి దిగేవి, "ఫౌల్" అని ఖంగుమని చెప్పి ఆట సాగించేవాడు. "మనిషి చెప్పుకుంటే అది ఆట. నేను చెప్తే చాడీ" అనేవాడు. ఎవరైనా నోరు మెదపకపోతే ఆ దూలాలను చూసీ చూసీ, చివరికి తానే చెప్పేవాడు. కానీ ఆ రోజంతా వాడితో మాట కలిపేవాడు కాదు. ఆయన దూలాలు చూడటం మొదలుపెట్టాడంటే పెద్ద పెద్ద వకీళ్ళకు కూడా మెడ మీద చెమట పట్టేది.

యాభైమూడులో కర్నూలు రాజధాని అయింది. ఊరంతా గుడారాలు వెలిశాయి. ఖాళీ గోడ కనిపిస్తే చాలు, ఏదో ఒక ఆఫీసు బోర్డు తగిలించేవాళ్ళు. మా హాలు కూడా ఒక ఆఫీసుకు కావాలన్నారు. పేకాట గది ఒక్కటి మాకు వదిలి, బల్లను వారంలో తీసెయ్యమన్నారు. మా వేరుశనగ గోడౌనులో ఒక మూల ఖాళీ ఉంది, బల్లను అక్కడ దాచుదామని నేనే ముందుపడ్డాను. అప్పుడైనా నన్ను శనక్కాయల శెట్టి అనడం మానతారని ఆశ.

చూసేవాళ్ళకు బిలియర్డ్స్ బల్ల అంటే చెక్క. కానీ బనాతు కింద ఉండేది రాయి. ఇంగ్లీషు సీమ నుంచి ఓడలో వచ్చిన ఐదు నల్ల పలకలు, ఒక్కొక్కటి మనిషి నిలువు పొడుగు, రెండు వేళ్ళకు పైగా మందం. ఆరుగురు హమాలీలు పట్టుకుంటే గానీ లేవదు. చిచ్చా బనాతును తనే ఊడదీసి, పెళ్ళి చీర మడిచినంత జాగ్రత్తగా చుట్టాడు. పలకలను బండిలో పడుకోబెట్టకూడదు, గడ్డి పరిచి నిలువుగా నిలబెట్టాలి అన్నాడు. ఒక్కో దానికి బండి ఒక్కో నడక. రెండు పలకలు అలాగే తోలుకుపోయాం. ఆ రోజు శుక్రవారం. మధ్యాహ్నం నమాజుకు పోతూ, "నేనొచ్చేదాకా మూడోది ముట్టొద్దు శెట్టీ. ఆహిస్తా" అని చెప్పి మరీ పోయాడు.

ఆయన అటు పోయాడు, ఇటు ఆఫీసు వాళ్ళు బీరువాలు తెచ్చి గుమ్మంలో దించారు. వాళ్ళ గుమాస్తా ఒకడు గడియారం చూసుకుంటూ నా మీద విసుక్కున్నాడు. నాకు ఒళ్ళు మండింది. నిలబెట్టి, గడ్డి కుక్కి, తాళ్ళు బిగించే ఓపిక ఎవరికుంది? బండిలో నాలుగు గోతాలు పరిపించి, మూడో పలకను వాటి మీద పడుకోబెట్టించాను. రోజూ మూటలు తోలే నాకు బండి కట్టడం ఒకరు నేర్పాలా అనుకున్నాను. కె.సి. కాలువ వంతెన దిగేటప్పుడు చక్రం గుంతలో పడింది. పెద్ద చప్పుడు కూడా రాలేదు, 'టక్' అన్నది, అంతే. నడిమికి రెండు ముక్కలు.

చిచ్చా గోడౌనుకు వచ్చి చూశాడు. వంగి, పగిలిన అంచును బొటనవేలితో ఆ కొస నుంచి ఈ కొస దాకా తడిమాడు. తిట్టలేదు. ఆహిస్తా అని కూడా అనలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

రెండు రోజులకు పేకాట గదిలో మీటింగు పెట్టారు. ప్రెసిడెంటు మా ఊళ్ళో పెద్ద వకీలు. "పలక ఎట్లా పగిలింది?" అని అడిగాడు, మామూలుగా చిచ్చాను చూస్తూ. చిచ్చా నా వైపు చూడలేదు. మెల్లగా తలెత్తి కప్పు దూలాల కేసి చూడసాగాడు.

ఆ చూపు దేనికో నాకు తెలుసు. గదిలో అందరికీ తెలిసి ఉండాల్సింది, కానీ అక్కడ బల్ల లేదు కదా, ఎవరికీ తట్టలేదు. చెప్తే ఏమంటారో ముందే వినబడుతోంది నాకు: శెట్టికి బల్ల అప్పగిస్తే శనక్కాయల మూట అనుకున్నాడు. ఈలోగా ఎవరో, "పోనీలెండి సార్, ముసలాయన, చెయ్యి జారి ఉంటాది" అన్నారు. అందరూ తలలూపారు. కుక్కిన పేనులా కూర్చున్నాను నేను. చిచ్చా ఔననలేదు, కాదనలేదు. ఎప్పుడూ తానే చెప్పేవాడు, ఆ ఒక్కసారి చెప్పలేదు.

ఉద్యోగం తియ్యలేదు. అంటే, బల్ల లేదు కాబట్టి పేకాట గదిలో కాఫీలు అందించమన్నారు. అంతవరకు ఏ ఆటలోనూ ఒక్క తప్పు లెక్క చెప్పలేదని పేరున్న మనిషి చేతికి పళ్ళెం ఇచ్చారు. "చూసి చిచ్చా, గ్లాసులన్నా పగలగొట్టొద్దు" అని సరదాకి అనేవాళ్ళు. ఆయన నవ్వేవాడు. నేను పేకాట గదికి పోవడం మానేశాను.

సీమ నుంచి పలక తెప్పించడం అయ్యే పని కాదని తేలింది. మిగిలిన బల్లను కొయ్యకింద అమ్మేద్దామన్నారు. చిచ్చా ప్రెసిడెంటు ఇంటికి పోయి, "రాయి పోతే రాయి తెస్తా సార్, అమ్మొద్దండి" అని వేడుకున్నాడు. అక్కణ్ణుంచి నేరుగా నా అంగడికి వచ్చాడు. "కడప పక్క నాపరాయి ఉండాది కదా శెట్టీ. పోయి చూద్దామా?" అన్నాడు. ఇంట్లో శనక్కాయల పని అని చెప్పి, మరుసటి ఎండాకాలం ఆయనతో బస్సెక్కాను.

మైదుకూరులో దిగి బస్సు మారాలి. చెట్టు నీడన సోడా తాగుతూ, ఇక పట్టలేక, "చిచ్చా, ఆ పొద్దు మీటింగులో నేను..." అన్నాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు చెప్పేదేముండాది శెట్టీ? నాకు తెలవదా? ఫౌల్ అనేది ఆట చూసేవాళ్ళందరికీ వినబడాల."

ప్రొద్దుటూరు దాటి నాపరాళ్ళ గనుల దగ్గరికి పోయేసరికి ఎండ నెత్తి మీద ఉంది. రాళ్ళు తీయించే పెద్దాయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఇంట్లోకా, అరుగుకా?"

"బంతి ఉరికేదానికి" అన్నాడు చిచ్చా.

"బంతా? బంతి ఆడేదానికి బండ ఎందుకప్పా? బయలు లేదా మీ ఊర్లో?"

చిచ్చా జేబులోంచి తెల్ల బంతిని తీసి అక్కడున్న ఒక పలక మీద వేలితో తోశాడు. అది నాలుగు జానలు పోయి పక్కకు ఒరిగింది. "ఇది కాదు" అన్నాడు. ఇంకొకటి, మరొకటి. వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించేవాడు, అరచేత్తో తడిమేవాడు, కాదనేవాడు. సాయంత్రానికి గనిలో పని చేసేవాళ్ళంతా చుట్టూ చేరి, బంతి ఎటు పోతుందో పందేలు కాస్తున్నారు. మామూలుగా అయితే మూడు రాళ్ళు కాదనేసరికే నేను కొట్లాటకు దిగేవాణ్ణి. ఆ రోజు నోరు మూసుకుని బంతి అందిస్తూ కూర్చున్నాను. రెండోరోజు మధ్యాహ్నం ఒక పలక మీద బంతి గీత గీసినట్టు నేరుగా పోయింది. చిచ్చా దాని పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. మందం సరిపోయేదాకా దాన్ని ఇసుకా నీళ్ళూ పోసి అరగదీయడానికి ఇంకో వారం పట్టింది.

తిరుగు దారిలో ఆ పలక లారీలో గడ్డి మధ్య నిలువుగా నిలబడింది. పక్కన దాన్ని పట్టుకుని నేను నిలబడ్డాను. ఆళ్ళగడ్డ దాకా, నంద్యాల దాకా, గుంత కనిపించినప్పుడల్లా పైనుంచి "ఆహిస్తా! ఆహిస్తా!" అని అరుస్తూనే ఉన్నాను. డ్రైవరు విసిగిపోయి తల బయటపెట్టి, "ఏమప్పా, నేను తోల్తాండేది రాయినా, పెండ్లికూతురినా?" అన్నాడు. ముందు సీట్లో చిచ్చా పగలబడి నవ్వడం నాకు పైకి వినిపించింది. అంత సంతోషంగా నేను చేసిన ప్రయాణాలు తక్కువ.

యాభైయారులో రాజధాని హైదరాబాదుకు పోయింది. ఊళ్ళో చాలామంది దిగులుపడ్డారు. మేమిద్దరం పడలేదు, మా హాలు మాకు వచ్చింది. చిచ్చా నాలుగు రోజులు రసమట్టం పట్టుకుని బల్ల చుట్టూ తిరిగాడు. పలకల మధ్య సందుల్లో తేనెమైనం కరిగించి పోశాడు, బనాతు బిగించాడు, ఇస్త్రీ చేశాడు.

ఆదివారం పొద్దున అందరం చేరాం. ప్రెసిడెంటు చేతులు వెనక్కి కట్టుకుని నాలుగు మాటలు మాట్లాడాడు. చివర్లో చిచ్చా భుజం తట్టి, "పలక పగలగొట్టింది మన మార్కరే, పలక తెచ్చింది మన మార్కరే. చెల్లుకు చెల్లు!" అన్నాడు. మంచిగానే అన్నాడు పాపం. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు.

చిచ్చా బోర్డు పక్కన నిలబడి ఉన్నాడు. నవ్వలేదు. ఆయన తల మెల్లగా పైకి లేచింది. మూడేళ్ళ కిందట ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే దూలాలను చూడసాగాడు.

నేను గుంపులోంచి బల్ల దగ్గరికి వచ్చాను.

"ఫౌల్" అన్నాను. చప్పట్ల మధ్య ఎవరికీ వినబడలేదు. గట్టిగా మళ్ళీ అన్నాను. "ఫౌల్. నాది. చిచ్చా నమాజుకు పోయినప్పుడు, వద్దన్నా వినకుండా ఆ పలకను పడుకోబెట్టి తోలించింది నేను. పగలగొట్టింది నేను."

చప్పట్లు ఆగిపోయాయి. ప్రెసిడెంటు నన్ను చూశాడు, చిచ్చాను చూశాడు, తర్వాత తనూ ఒకసారి పైన దూలాలను చూశాడు. మీటింగు నాటి చూపు ఆయనకప్పుడు గుర్తొచ్చినట్టుంది. ముఖం ఎర్రబడింది.

చిచ్చా కళ్ళు కిందికి దిగాయి. ఛాతీ విరుచుకుని, ఆటలో చెప్పినట్టే, హాలంతా వినబడేలా, "ఫౌల్!" అన్నాడు. పోయి బోర్డు మీద ముల్లును సున్నాకు తెచ్చాడు. తర్వాత కర్ర తీసి, దాని కొనకు సుద్ద రాసి, నా చేతికిచ్చాడు. నా మోచేతిని రెండు వేళ్ళతో సరిచేస్తూ, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"నేర్చుకున్నావులే. కానీ శానా ఆహిస్తా చెప్పినావు శెట్టీ."