లాకుల నుంచి వంతెన దాకా

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెబుతాను. ఇంట్లోకి దోమ దూరితే డ్రోను అంటాను. పాలకొల్లు వెళ్ళి కూరగాయలు తెచ్చి, కాశీకి వెళ్ళొచ్చినంత కథ చెబుతాను. మా ఆవిడ నా మాటలన్నీ నాలుగుతో భాగించి వింటుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమెకు భాగహారం బాగా అలవాటైపోయింది. మీరూ అలాగే భాగించుకోండి. తమ్ముడు పోయిన సంగతిని మాత్రం దేనితోనూ భాగించలేరు.

వాడు కానిస్టేబులు. హైవే మీద బళ్ళు ఆపి తనిఖీ చేస్తుంటే లారీ గుద్దింది. ముప్ఫై రెండేళ్ళ భార్య, ఒకటో తరగతి చదివే కూతురు మా ఇంటికి వచ్చేశారు. కారుణ్య నియామకం కింద ఉద్యోగం ఇస్తామన్నారు. గుమాస్తా పనికి డిగ్రీ ఉండాలి, ఆమెది ఇంటరు. ఇక మిగిలింది కానిస్టేబులు ఉద్యోగమే. దానికి పదహారు వందల మీటర్లు పదిన్నర నిమిషాల్లో పరిగెత్తాలి. అవకాశం ఒక్కసారే. నెగ్గితే సొంత జీతం, సొంత వంటిల్లు. లేకపోతే తల్లీ కూతుళ్ళకు జన్మంతా మా వెనకగదే. ఈ మాట ఎవరూ పైకి అనలేదు. ఆ గది తలుపు సరిగ్గా పడదని మాత్రం మా ఆవిడ రెండుసార్లు అంది.

కోచ్‌ని నేనే. నా అర్హత ఏమిటంటే, ఒకప్పుడు కదులుతున్న పాసింజరు రైలును పరిగెత్తి అందుకున్నాను. కదలడం సంగతి మీరే భాగించుకోండి. మా ఇల్లు కాలువ లాకుల దగ్గర. అక్కడి నుంచి కాలువగట్టు మీద రోడ్డు వంతెన దాకా బండి మీటరుతో కొలిస్తే సరిగ్గా సరిపోయింది. ఆమె తెల్లవారుజామున వంతెన దాకా నడిచి వెళ్ళి, నాకో మిస్డ్‌కాల్ ఇచ్చి, ఇంటివైపు పరుగు మొదలుపెట్టేది. నేను లాకుల మీద కూర్చుని ఫోన్లో టైము చూసేవాణ్ణి.

మొదటిరోజు చీర కుచ్చిళ్ళు దోపుకుని వచ్చింది. కాలువలో కొట్టుకొస్తున్న గుర్రపుడెక్క ఆమెను దాటుకుని ముందు లాకులు చేరింది. పదిహేడు నిమిషాలు! ఆయాసం తీరడానికి ఇంకో పదిహేడు. మర్నాడు తమ్ముడి ట్రాక్‌ప్యాంటు వేసుకుంది, నాడా నడుం చుట్టూ రెండు చుట్లు తిప్పి కట్టుకుని. ఆ ప్యాంటుతో బావగారి ఎదుటికి రావడానికి ఆమెకు పరుగుకంటే ఎక్కువసేపు పట్టింది.

తొందరపడలేదు. మొదటి నెలంతా రెండు కరెంటు స్తంభాలు నడక, ఒక స్తంభం పరుగు. రెండో నెలలో దాన్ని తిరగేశాం. పొద్దున్నే రాగిజావ, రెండు ఉడికించిన గుడ్లు. వంటింట్లో క్యాలెండరు గడుల్లో ఏరోజు టైము ఆరోజు ఆమే రాసేది. పదహారు, పదిహేనున్నర, పద్నాలుగు. వానలకు గట్టు బురదై, చెప్పుల కింద అరకేజీ మట్టి అంటుకునేది (నా లెక్కలో అర టన్ను). ఆ బురదలోనే పన్నెండూ నలభైకి దిగింది. వాడు పోయాక ఆమె నవ్వడం మొదటిసారి ఆరోజే చూశాను.

తర్వాత ఒకరోజు నాకు పాలకొల్లులో పొలం రిజిస్ట్రేషను పనిపడి పొద్దున్నే బయల్దేరాల్సి వచ్చింది. ఆమె ఒక్కతే పరుగుకి వెళ్ళింది. సాయంత్రం వచ్చి చూస్తే క్యాలెండరులో ఆ గడి ఖాళీగా ఉంది.

"ఏమ్మా, టైమెంత?" అన్నాను.

"మధ్యలో ఆగిపోయానండి."

"కాలు పట్టేసిందా?"

"లేదండి. ఎదురొచ్చానంట."

"ఎవరికమ్మా?"

"ఒకాయనకి," అంది, స్టవ్ వైపు తిరిగి.

ఆ ఒకాయన పాలు పోసే ఆయన. పొద్దున్నే లాకుల వైపు నుంచి సైకిలుకి రెండు క్యాన్లు కట్టుకుని వంతెన వైపు పోతుంటాడు. మొగుడు పోయిన మనిషి ఎదురుగా పరిగెత్తుకుంటూ రావడం చూశాడు. సైకిలు ఆపాడు. మొహం కాలువ వైపు తిప్పుకున్నాడు. సీసాలోంచి నీళ్ళు పుక్కిలించి ఉమ్మాడు. ఆ ఉమ్ముకి కాలువ రెండంగుళాలు పెరిగింది. సైకిలు వెనక్కి తిప్పి ఇంటికెళ్ళి, ఐదు నిమిషాలు కూర్చుని, మళ్ళీ బయల్దేరాడు. ఆమె గట్టు మీద అక్కడే నిలబడిపోయింది.

మూడు రోజులు పరుగు లేదు. నాలుగోరోజు ఆమే అంది:

"పొద్దున్నే అందరూ వంతెన వైపే వెళ్తారు కదండి బావగారు. నేనూ అటే పరిగెడతాను. వెనకనుంచి వస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"మరి తిరిగొచ్చేటప్పుడు?"

"పొలంగట్ల మీద వస్తానండి."

శకునానికి వెనకవైపు కళ్ళుండవు కాబట్టి ఆ ఏర్పాటు అందరికీ నచ్చింది. నాకు మరీను. నేను మకాం వంతెన దగ్గరికి మార్చాను. విచిత్రం ఏమిటంటే, ఆమె టైము అక్కడి నుంచే బాగా తగ్గింది. ముందు పోయేవాళ్ళను దాటితే తప్ప దారి ఖాళీగా ఉండదు. ముందు రొయ్యల చెరువు కూలీలను దాటింది, పన్నెండు. గడ్డిమోపుల వాళ్ళను దాటింది, పదకొండుంపావు. అక్కడ నెలరోజులు గడియారానికి మేకు కొట్టినట్టు ఆగింది. ఒకరోజు పాలసైకిలుకంటే ముందు వంతెన ఎక్కింది.

"ఏంటండీ ఇది! మీ మరదలుగారు నన్ను దాటేశారండి," పాలాయన బెల్లు కొట్టుకుంటూ వచ్చాడు. "రేపట్నుంచి క్యాన్లు ఆవిడకే కట్టేస్తానండి బాబూ!"

పదీ ముప్ఫై ఐదు. ఇంకా ఐదు సెకన్లు. ఆ ఐదు సెకన్లకు మాకు మరో పదహారు రోజులు పట్టింది.

పరీక్షరోజు గ్రౌండులో నాలుగు రౌండ్లు. మమ్మల్ని తాడు అవతల నిలబెట్టారు. చివరగా బయల్దేరింది. రెండో రౌండుకి నలుగురిని దాటింది. ఆమె వెనక లేచిన దుమ్ము పట్టిసీమలో పడి ఉంటుంది. మూడో రౌండులో డొక్క పట్టుకుని నెమ్మదించింది. "ముందు చూడమ్మా, ముందు చూడు!" అని అరిచాను. నా వైపు చూడలేదు. పదీ ఇరవై రెండుకి గీత దాటి, పక్కకెళ్ళి వాంతి చేసుకుంది.

ఆర్డరు వచ్చింది. ట్రైనింగుకి వెళ్ళే ముందు పాపను అమ్మమ్మ దగ్గర దింపడానికి సామానంతా ఆటోలో పెట్టించింది. నేను వీధిలో నిలబడి ఉన్నాను.

"మీరు కాసేపు లోపలికెళ్ళండి బావగారు. నేను బయల్దేరాక వద్దురుగాని," అంది.

లోపలికెళ్ళాను. గుమ్మం అవతల నుంచి, "వెళ్తానండి," అని వినబడింది. మా వైపు ఎవరూ అలా అనరు. వెళ్ళొస్తాను అంటారు. మా ఆవిడ, "వెళ్ళొస్తాననమ్మా," అని సర్దబోయేసరికి ఆటో కదిలిపోయింది. మళ్ళీ రాలేదు. పండక్కీ రాలేదు, తమ్ముడి ఏడూడికీ రాలేదు.

ఇందులో నేను పెంచినవి చాలా ఉన్నాయి, మీరు ఎలాగూ భాగించి ఉంటారు. పుట్టించింది మాత్రం ఒక్కటే. పాలాయన సైకిలు ఆపలేదు. ఆరోజు కాలువ వైపు మొహం తిప్పుకున్న మనిషి మోటారు సైకిలు మీద ఉన్నాడు, రిజిస్ట్రేషనుకి పోతున్నాడు. ఇంటికి తిరిగొచ్చి, ఐదు నిమిషాలు కూర్చుని, మళ్ళీ బయల్దేరాడు. అంత జాగ్రత్తపడినా ఆ పూట సర్వరు పనిచేయక పని వాయిదా పడింది. చీకట్లో నన్ను గుర్తుపట్టలేదనుకున్నాను. ఎవరికమ్మా అని నేను అడగడం, ఒకాయనకి అని ఆమె చెప్పడం మాత్రం ఉన్నదున్నట్టు రాశాను.