గురువారం ఒప్పుకోలు

మా పెద్దటీచరు పోయారన్న కబురు బడి ఆయమ్మ తెచ్చింది. ఉదయం ఎనిమిదింటికి గౌలిపురాలో మా ఇంటి గుమ్మం బయటే నిలబడి చెప్పింది. "పెద్దటీచరమ్మ పోయిందమ్మా. చాయ్ పెట్టుకుంటనని లేచింది. స్టౌ కాడ కూసున్నది, మల్ల లేవలే."

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. మా ఇంటి గడప బయట నా గురించిన ఒక సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కరే. ఇక బయట ఎవరికీ తెలియదు. ఇక నేను ఎప్పటికీ చెప్పకుండా బతికేయవచ్చు. అలా బతికేస్తానేమో అన్నదే ఆ భయం. దాన్ని పక్కన పెట్టి ఆమెను తలుచుకోవడానికి ఈ నాలుగు రోజులూ ప్రయత్నించాను, కుదరలేదు. అందుకని రెండూ కలిపే రాస్తున్నాను. స్మృతి వ్యాసంలో ఇలాంటివి రాయవచ్చునా అని మీకు అనిపిస్తే, నాకూ అనిపిస్తోంది.

మా బడి హుస్సేనీ ఆలంలో ఒక ఇరుకు సందు చివర, చిన్న చర్చి పక్కన ఉంది. రేకుల కప్పు వేసిన నాలుగు గదులు, ఒక కొళాయి, ఇనుప గేటు. ఐదో తరగతి వరకే. ఎప్పుడో తెల్లదొరలు కట్టించిన మిషన్ బడి అయినా, క్రైస్తవుల పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. మిగతావాళ్లంతా చుట్టుపక్కల గాజుల పనివాళ్ల, రిక్షావాళ్ల, పాలవాళ్ల పిల్లలు. అరవైల చివర, గుంటూరు నుంచి పెళ్లయి వచ్చిన కొత్తలో, ఆ బడిలో చేరాను. పెద్దటీచరుది మెదక్ వైపు. పెళ్లి చేసుకోలేదు. బడి ఆవరణలోనే రెండు చిన్న గదుల్లో, నాలుగు కోళ్లతో ఉండేవారు.

చేరిన రోజున గోడ మీద నీలం రంగుతో పెద్ద అక్షరాల్లో రాసిన "ప్రేమ, సత్యం, క్షమ" చూసి, ఇవి పిల్లలకు ఏ పీరియడ్‌లో చెప్పాలండీ అని అడిగాను. చదువుకున్నదాన్ని కదా, పద్ధతిగా ఉండాలని. ఆమె గోడ వైపు చూసి నవ్వారు. "గోడకైతే ఎన్నడో నేర్పిండ్రు బిడ్డా. మనమే ఇంక నేర్చుకోలే."

ఆమె అలవాట్లన్నీ అలాంటివే. రంజాన్ నెలలో రోజా ఉపవాసం ఉన్న నాలుగైదు తరగతుల పిల్లల కళ్లబడకుండా, సామాను గదిలో గోడకు మొహం పెట్టి డబ్బాలో అన్నం తినేవారు. సాయంత్రం గేటు దగ్గర నిలబడి, ఒక్కొక్క పిల్ల చెయ్యి పట్టుకుని, వచ్చిన పెద్దవాళ్ల చేతిలో పెట్టేవారు. "చేతిల చెయ్యి పెట్టినంకనే నా చెయ్యి ఇడుస్త" అనేవారు. ఎంత ఆలస్యమైనా, వానైనా అంతే.

కానీ అన్నిటికంటే వింత, గురువారం ఒప్పుకోలు. వారానికొకసారి చివరి గంటలో పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టేవారు. ఆ వారం తాము పిల్లల పట్ల చేసిన తప్పు టీచర్లు లేచి నిలబడి చెప్పాలి. పిల్లలు చెప్పనక్కర్లేదు. నేను రాకముందు ఇది శుక్రవారం జరిగేదట. ఆ రోజు నమాజుకు పోయే మగపిల్లలు ముందే వెళ్లిపోతారు. "వాళ్లు లేకుంట ఒప్పుకుంటే సగం ఒప్పుకున్నట్టే" అని గురువారానికి మార్చారట. ముందు ఆమే లేచేవారు. "మంగళారం రెండో తరగతిల ఒకని మీద అరిచిన. సిరా ఒలకబోసింది ఆడు కాదు. నాది తప్పు." పిల్లలందరూ ఒక్క గొంతుతో "మాఫ్" అనేవారు. క్షమించామని చెప్పే ఆ మాట వాళ్లకు వాళ్లే పెట్టుకున్నారు. ఒకసారి చర్చి అయ్యగారు వచ్చి చూసి, ఈ మాట కాకుండా ప్రార్థనలో మాట ఏదైనా అనిపించరాదా అన్నారు. "ఎందుకయ్యగారూ, దేవునికి ఉర్దూ రాదా?" అన్నారామె. ఆయన చాయ్ తాగి వెళ్లిపోయారు.

నాకు ఆ గంటంటే వణుకు. బుధవారం రాత్రి నుంచే చిన్న తప్పు ఒకటి వెతుక్కునేదాన్ని. ఒకసారి లేచి, బోర్డు తుడవడానికి బద్ధకించానని చెప్పాను. వెనక వరసలోంచి ఒక పిల్ల, "టీచర్, మొన్న నా చెవి మెలేసిండ్రు కదా, అది చెప్పరా?" అంది. వరండా అంతా గొల్లుమంది. పెద్దటీచరు మాత్రం, "చెప్తది. జర ఆగు" అన్నారు. చెప్పాను. ఆ పిల్ల మాత్రం అందరికంటే గట్టిగా "మాఫ్" అంది.

ఇక అసలు సంగతి. డెబ్బైల చివర ఒక మధ్యాహ్నం. పాతబస్తీలో ఉన్నవాళ్లకు ఆ శబ్దం తెలుసు. దుకాణాల షట్టర్లు ఒకదాని తర్వాత ఒకటి పడుతూ, ఆ చప్పుడు వీధి వెంట మన దగ్గరికి నడిచి వస్తుంది. చార్మినార్ వైపు నుంచి అలా వస్తుంటే పాఠం మధ్యలో ఆగిపోయాను. గేటు దగ్గర ఎవరో "లొల్లి అయితున్నది, కర్ఫ్యూ పెడుతున్నరంట" అన్నారు. ఐదు నిమిషాల్లో సందంతా తల్లిదండ్రులతో నిండిపోయింది. గోడ మీద నుంచి పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు కొందరు, పేర్లు పెట్టి అరిచేవాళ్లు కొందరు. అందరి చేతులూ పట్టుకుని అప్పగించడం ఆమె వల్ల కాలేదు. ఆ తోపులాటలోనే మా వైపు తిరిగి, "గదులు చూసి గడియ పెట్టుండ్రి. ఖాళీ అని నాకు చెప్పిపోండ్రి" అని కేక వేశారు.

మా ఇంట్లో నా నాలుగేళ్ల కూతురు పక్కింటావిడ దగ్గర ఉంది. నా బుర్రలో ఇంకేమీ లేదు. నా తరగతి పిల్లలు పరుగెత్తిపోయారు. తలుపు లాగి గడియ పెట్టి, గేటు దగ్గరికి వచ్చి, "నా గది ఖాళీ అండీ" అన్నాను. ఆమె నా మొహం చూసి, "పో బిడ్డా, పదిలంగ పో" అన్నారు.

గదిలోకి నేను చూడలేదు.

ఇంటికి ఎలా చేరానో గుర్తులేదు. పిల్లను ఒళ్లో వేసుకుని నుదుటి మీద చెయ్యి పెట్టాను. నుదురు చల్లగా తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున జ్వరంతో కాలిపోతున్న ఒక చిన్నపిల్లను నేనే, నా చేతులతోనే, నా తరగతి గదిలో బీరువా వెనక చాప వేసి పడుకోబెట్టాను.

మావారు ఆఫీసు నుంచి అప్పుడే సైకిల్ మీద వచ్చిపడ్డారు. చెప్పాను. "ఇప్పుడు నువ్వెళ్లి ఏం చేస్తావే? పెద్దటీచరుగారు అక్కడే ఉంటారుగా, చూసుకుంటారు" అన్నారు. ఆ మాట నిజమే. నిజమైనా నిద్ర పట్టలేదు. గదిలో పిల్ల లేచి ఉంటుంది. చీకటి పడి ఉంటుంది. గడియ బయట ఉంది. ఆ రెండు రోజులూ ఇదే. దేవుడున్నాడో లేడో అని చదువుకునే రోజుల నుంచి అనుమానపడే దాన్ని, ఉంటే బాగుండునని మొదటిసారి బతిమాలాను. మూడో రోజు కర్ఫ్యూ రెండు గంటలు సడలించారు. ఆడవాళ్లంతా పాల కోసం వరస కట్టారు. నేను బడి వైపు నడిచాను. చార్మినార్ దాకా వెళ్లాను. అక్కడి నుంచి బడి ఎంతో దూరం లేదు. వెళితే ఏం చూడాల్సి వస్తుందోనని, వెనక్కి తిరిగి, పాలు కొనుక్కుని ఇంటికి వచ్చాను.

జరిగింది తర్వాత ఆయమ్మ చెప్పింది. నేను వెళ్లిన గంటకు ఆ పిల్ల తండ్రి గేటు దగ్గరికి వచ్చాడు. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే మనిషి. "బడి ఖాళీ భయ్యా. మీ చుట్టాలెవరన్న తోలుకపోయిండ్రేమో, ఇండ్లల్ల చూడు" అన్నారు పెద్దటీచరు. అతను కర్ఫ్యూలో సందు సందూ పరుగెత్తాడు. ఎక్కడో జనం తరుముకొస్తుంటే పడిపోయాడు. కుడి మణికట్టు విరిగింది. పొద్దుగూకే వేళ కోళ్లను గంప కింద పెడుతుంటే పెద్దటీచరుకు టకటకమని చప్పుడు వినిపించింది. ఆ పిల్ల పలకతో తలుపు కొడుతోంది. ఏడవడం అప్పటికే మానేసిందట. తండ్రి చేతికి కట్టు కట్టించుకుని మళ్లీ వచ్చేదాకా పెద్దటీచరు ఆ పిల్లను పక్కలోనే పడుకోబెట్టుకున్నారు.

బడి తెరిచిన వారం, గురువారం వచ్చింది. వరండాలో గోడ పక్కన ఆ పిల్ల తండ్రి నిలబడి ఉన్నాడు, చెయ్యి మెడకు వేలాడుతోంది. ఆమే పిలిపించారు. లేచి, పిల్లల వైపు కాక అతని వైపు తిరిగారు. "నీ బిడ్డ లోపట ఉండంగ, బడి ఖాళీ అని నీకు చెప్పిన. చూడకుంట చెప్పిన. నాది తప్పు." పిల్లలు "మాఫ్" అన్నారు. అతను మాత్రం కూతురు చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఎప్పటిలాగే మా వైపు చూసి, "ఇంకెవరన్న ఉన్నరా?" అన్నారు. ఆయమ్మ గంట కొట్టేదాకా కూర్చునే ఉన్నాను.

నెల తర్వాత సామాను గదిలో ఆమె ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లాను. "ఆ గది నాది అండీ. నేను చూడలేదు."

"ఎరికే. నీ తరగతి పిల్లనే గద."

"మరి మీ మీద ఎందుకు వేసుకున్నారు?"

ఆమె విరిగిన పలకలు ఏరుతున్నారు. తల ఎత్తలేదు. "నీది నా మీదేమీ ఏసుకోలే. చూడకుంట ఖాళీ అన్న, అది నా తప్పు. నీది నేనెట్ల చెప్త?"

"ఇప్పుడు చెప్పానుగా."

"నాకు చెప్తే నీకు తేలికైతది. ఆయనకేమైతది?"

"ఆయన పిల్లను మాన్పిస్తే? పదిమందిలో గొడవ చేస్తే?"

"చేస్తడేమో" అన్నారు. అంతే. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

నేనూ చెప్పలేదు. ఆ తర్వాత ఎనిమిదేళ్లు రోజూ సాయంత్రం "నా గది ఖాళీ" అంటే, ఒక్కసారి కూడా ఆమె వచ్చి చూసుకోలేదు. నా మాటనే తీసుకున్నారు. నేను మాత్రం రోజూ మూడుసార్లు బీరువా వెనక చూసేదాన్ని. ఆమె నన్ను తిట్టి ఉంటే ఇంత భయపడేదాన్ని కాదేమో. క్షమ అంటే ఇదేనా, లేక ఇది శిక్షా అని ఎన్నోసార్లు అనుకున్నాను. ఇప్పటికీ తెలియదు. అతను కూతురిని ఐదో తరగతి దాకా అక్కడే చదివించాడు. తీసుకుపోవడానికి వస్తే లోపలికి వచ్చేవాడు కాదు. సందులో అవతలి పక్క నిలబడి సలాం పెట్టేవాడు. మర్యాద అనుకునేదాన్ని. ఆమె తిరిగి సలాం చేసిన చెయ్యి మాత్రం కొంచెంసేపు గాలిలో ఆగేది.

మొన్న సమాధుల తోటకు అతను వచ్చాడు. టోపీ పెట్టుకుని, గోడ దగ్గర ఒక్కడే నిలబడ్డాడు. పెట్టెను గోతిలోకి దించుతున్నారు. ఇప్పుడు కాకపోతే ఇక లేదని నా కాళ్లే నన్ను అటు తీసుకెళ్లాయి.

"భయ్యా, ఆ రోజు మీ అమ్మాయిని లోపల పెట్టి గడియ వేసింది నేను. గది ఖాళీ అని పెద్దటీచరుకు చెప్పింది నేనే. చూడలేదు."

అతను అర్థం కానట్టు చూశాడు. "క్యా బోల్‌రే, ఏమంటున్నరు టీచరమ్మా? గడియ పెట్టింది ఈమె కాదా?"

"కాదు."

అతను గోతి వైపు చూశాడు. తర్వాత చిన్న గొంతుతో అన్నాడు. "ఎనిమిదేండ్లు ఈమెను మనసుల తిట్టుకున్న. బయట సలాం పెడుతుంటి, లోపట తిట్టుకుంటుంటి. నా చెయ్యి పోయింది ఈమె వల్లనే అనుకుంట. ఈమెకు అది సమజైంది కావచ్చు. ఒక్క మాట చెప్పలే." నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. "ఈమె మట్టిలకు పోయినంక చెప్తరా మీరు?"

మాఫ్ అని అతను అనలేదు. నేనూ అడగలేకపోయాను.

అతను నన్ను దాటి గోతి దగ్గరికి వెళ్లాడు. అందరూ గుప్పెడు గుప్పెడు మట్టి విసిరి పక్కకు తప్పుకుంటున్నారు. అతను గొంతుక్కూర్చున్నాడు. తిరగని కుడి చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, ఎడమ చేత్తో మట్టి తీశాడు. అందులో గడ్డలున్నాయి. వాటిని ఒక్కొక్కటే వేళ్లతో చిదిపి, రాళ్లు ఏరి పక్కన పెట్టి, మెత్తగా అయిన మట్టిని చెయ్యి లోపలికంటా చాచి, చప్పుడు కాకుండా పెట్టె మీదికి వదిలాడు. మళ్లీ గుప్పెడు తీశాడు. వెనక పారలు పట్టుకున్నవాళ్లు ఆగిపోయి, అతను ముగించేదాకా నిలబడ్డారు.