గోడ దిగిన లింగన్న

2019లో నన్ను దోహా ఇండస్ట్రియల్ ఏరియాలోని మా కంపెనీ క్యాంపుకు వెల్ఫేర్ ఆఫీసరుగా వేశారు. వరల్డ్ కప్ స్టేడియం పనులు జోరు మీద ఉన్న రోజులు. పనివాళ్ళ గదులు, మెస్సు, బస్సులు, తగాదాలు నా పరిధి. సెలవు రోజైన శుక్రవారం ఆడే కబడ్డీ కూడా నా నెత్తినే పడింది, ఎందుకంటే తగాదాలు సగం అక్కడే పుట్టేవి.

మా ప్రాజెక్ట్ డైరెక్టర్ డేవ్ అమెరికన్, బేస్‌బాల్ పిచ్చోడు. మా కబడ్డీ చూసి ముచ్చటపడి, మేటి ఆటగాళ్ళ ఫోటోలు మెస్సు గోడ మీద పెడదామన్నాడు. ఎంపిక పద్ధతి మాత్రం వాళ్ళ దేశానిదే కావాలన్నాడు. అక్కడ ఆట మానేసిన బేస్‌బాల్ ఆటగాడు ముందు ఐదేళ్ళు ఆగాలి. ఆ తర్వాత, ఆ ఆట గురించి పదేళ్ళు రాసిన విలేకరులు ఓటేస్తారు. ఒక్కో ఓటరు పది పేర్ల దాకా టిక్కు పెట్టవచ్చు, ఎవరూ నచ్చకపోతే ఖాళీ చీటీ ఇవ్వవచ్చు. నూటికి డెబ్బై ఐదు ఓట్లు వస్తే కీర్తి మందిరంలో చోటు. ఐదు కూడా రాకపోతే పోటీ నుంచి పేరు తీసేస్తారు.

మా దగ్గర విలేకరులు లేరు. అందుకని, ఆడకుండా చూసి గొంతు చించుకునే వంటవాళ్ళకు, బస్సు డ్రైవర్లకు, గేటు కాపలావాళ్ళకు ఓటిచ్చాం. రెండేళ్ళ వీసా మీద వచ్చినవాడు ఐదేళ్ళు ఎక్కడ ఆగుతాడని వాదిస్తే డేవ్ ఆ గడువు ఎత్తేశాడు. కానీ ఆట మానేశానని అందరి ముందూ చెప్పాలి, మళ్ళీ బరిలో అడుగు పెడితే ఎన్నిక రద్దు. ఈ ముక్క దగ్గర మాత్రం ఆయన కొరకరాని కొయ్య.

మొదట ముందుకొచ్చినవాడు లింగన్న. జగిత్యాల వైపు పల్లె, ఇనుప కడ్డీలు కట్టే పని. కూతకు పోతే ఒకరినైనా ముట్టకుండా తిరిగి రాడు. వచ్చే వారం ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్ళీ రాని ప్రయాణం మీద, ఇంటికి వెళ్ళిపోతున్నాడు. శుక్రవారం పక్క క్యాంపుతో కప్పు కోసం పోటీ ఉంది, అది వదులుకుంటావా అని అడిగాను.

"నేను కట్టిన సలాకలన్ని కాంక్రీట్ల మునిగినయ్ సార్. ఒక్క నా మొఖమన్న గోడ మీద ఉండనియ్యిండ్రి," అన్నాడు. జాబితాలో అతని పేరు రాసుకున్నాను.

గురువారం ఓట్లు లెక్కపెట్టాం. ముప్పావు వంతు దాటినవాడు అతనొక్కడే. మెస్సంతా ఈలలు, గిన్నెల మోత. ఫోటో బిగించే పని వంటమేస్త్రి ఓబులేసుకు అప్పగించాను. కడప మనిషి, మర్యాదలో దేనికీ తక్కువ చేయడు. మర్నాడు బంతిపూల దండ తెచ్చి ఫోటోకు వేశాడు, నుదుట కుంకుమ పెట్టాడు, అగరొత్తులు వెలిగించాడు. ఆపైన తన ఫోన్లో దాన్ని ఫోటో తీసి అందరికీ పంపాడు. సాయంత్రానికి అది లింగన్న ఊరు చేరింది.

అదే సమయానికి పోటీలో మావాళ్ళు చిత్తవుతున్నారు. లింగన్న గీత బయట కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు. అతని ఫోను మోగింది. ఐమో వీడియో కాల్లో అతని తల్లి, వెనక సగం ఊరు, ఒకటే శోకాలు. సంగతి అర్థమై ఓబులేసును పిలిచాను.

"గౌరవం సార్! మా తాత ఫోటోకు ఇట్లే ఏస్తాం."

"మీ తాత ఉన్నాడా?"

"యాడుండాడు సార్, ఎప్పుడో పోయినాడు," అని ఓబులేసు నాలుక కరుచుకున్నాడు.

లింగన్న తల్లికి మొహం చూపించాడు, నవ్వి చూపించాడు, బుగ్గ గిల్లుకుని చూపించాడు. ఆమెకు నమ్మకం కుదరలేదు. చివరికి ఫోను బరి వైపు తిప్పి, అగో మావోళ్ళు ఆడుతున్నరు చూడవ్వా అన్నాడు. ఆమె ఏడుపు టక్కున ఆగింది.

"మరి నువ్వు బతికుంటే ఆడక కూసున్నవేందిరా?"

లింగన్న లేచాడు. మెస్సులోకి ఉరికి, దండతో సహా ఫోటో పీక్కొచ్చి నా ఒళ్ళో పడేశాడు.

"దిగిన సార్. ఇగ రూల్ లేదు. అవ్వకు సూపెట్టుండ్రి," అని ఫోను నా చేతికిచ్చి బరిలోకి దూకాడు.

నిష్పక్షపాతంగా ఉండవలసిన ఎన్నికల అధికారిని, ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో దండ వేసిన ఫోటో పట్టుకుని గీత వెంబడి గంతులేశాను. ఫోన్లోంచి వాళ్ళమ్మ, కాలు ఇయ్యకురా కాలు ఇయ్యకు అని కేకలు. ఆఖరి కూతలో లింగన్న ముగ్గురిని ఈడ్చుకుంటూ గీత ముట్టాడు. కప్పు మాది. అక్కడి అరబ్బీలో యల్లా యల్లా, అంటే పద పద అని అరిచి గొంతు పోగొట్టుకున్న డేవ్, ఆ పోయిన గొంతుతోనే ఎన్నిక రద్దని ప్రకటించాడు.

లింగన్న నవ్వి ఒప్పుకున్నాడు. ఫోటో నా సొరుగులోకి, అతను విమానంలోకి వెళ్ళిపోయారు. మరుసటి ఓటింగులో అతని పేరు మళ్ళీ పెట్టాం. ఒక్కరు కూడా కాదనలేదు. ఈసారి ఫోటో నా చేతులతో నేనే బిగించాను.

ఈ ఉదంతం నేర్పింది ఒక్కటే. మనిషిని ఎలా ఎన్నుకోవాలో రాసుకుంటే చాలదు, ఎన్నుకున్నాక గోడ మీద ఎలా పెట్టాలో కూడా రాసుకోవాలి. తర్వాత నేను పనిచేసిన ప్రతి క్యాంపులోనూ మెస్సు నిబంధనల్లో మొదటిది ఇదే: బతికున్నవారి ఫోటోకు దండ వేయరాదు.