జపానాయన లగ్గం ముచ్చట

దోహా శివార్లలో, బిర్కత్ అల్ అవామిర్ కార్మికుల క్యాంపుల పక్కన, కిరాణా కొట్టుకూ టైర్ల షాపుకూ నడుమ ఇరుక్కున్న సెలూన్లో నర్సింలు పనికి చేరేనాటికే ఆ బొమ్మ గోడ మీద ఉంది. ముందు పనిచేసిన ఫిలిప్పీన్ కుర్రాడు అతికించి పోయాడు. తెల్లచొక్కా, ఒక కంటిని కప్పేసిన ఎర్రజుట్టు, చేతిలో మైకు. జపాన్ పాటగాడట. కింద ఏదో రాసి ఉంది గానీ అది ఆ దేశపు లిపి. ఫోన్లో వెతుకుదామన్నా ఏమని కొట్టాలో ఎవరికీ తెలియదు.

నర్సింలుది జగిత్యాల దగ్గర పల్లె. నోరు ఆగితే అతని కత్తెర కూడా ఆగిపోతుంది. గ్యాస్ డబ్బుతో దోహా చుట్టూ లేస్తున్న మేడల పుణ్యమా అని క్యాంపులకు మనుషులు దిగుతూనే ఉండేవారు. శుక్రవారం వస్తే సెలూన్లో బెంచీ చాలేది కాదు. కూర్చున్నవాళ్ళ కళ్ళు ముందు ఆ బొమ్మ మీదే పడేవి.

మొదట అడిగినవాడు ముత్యం. సైటులో ఇనుప చువ్వలు కట్టే మనిషి.

"గాయనకు లగ్గమైందా అన్నా?"

"ఎప్పుడో అయింది. మేనమామ బిడ్డనే చేసుకున్నడు."

ఆ మాట ఎందుకన్నాడో నర్సింలుకే తెలియదు. గడ్డానికి నురగ పట్టించే తొందరలో వచ్చేసింది. ఆ మర్నాడు అదే ప్రశ్న జలంధర్ అడిగాడు. అతను ఒక జపాన్ కంపెనీలో కారు డ్రైవరు. అప్పుడు నర్సింలు వేరే ధ్యాసలో ఉండి, "ఇంకా కాలే" అన్నాడు.

ముత్యం, జలంధర్ ఒకే గదిలో ఉంటారు. ఆ వారమంతా గదిలో అదే పంచాయితీ. శుక్రవారం ఇద్దరూ కలిసి వచ్చి నర్సింలు ముందు నిలబడ్డారు.

"రెండూ నిజమే," అన్నాడు నర్సింలు, కత్తి నూరుతూ. "లగ్గమైంది. ఆమె అలిగి తల్లిగారింటికి పోయింది. ఇగ అయినట్టా, కానట్టా, మీరే చెప్పుండ్రి."

అక్కడినుంచి కథ అతని చేతిలో లేదు. ఎందుకలిగింది, ఎవరు నచ్చజెప్పారు, పిల్లలెందరు, జుట్టు సొంతదేనా, ఏం తింటాడు, ఆ కన్నెందుకు దాచుకుంటాడు అని వారం వారం అడిగేవారు. నర్సింలుకు తెలిసిన సంసారం ఒక్కటే, తనదీ బాలవ్వదీ. అందుకని జపాను పాటగాడి భార్య కూడా అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుని తిట్టేది. చెప్పులతో గడప దాటితే చీపురు తీసేది. ఆయనకేమో పచ్చిపులుసంటే ప్రాణం.

"జపాన్ల చింతపండు దొరుకుతదా?" అని ఎవరో సందేహించారు.

"ఈ ఎడారికే వచ్చింది, ఆడికి పోదా?" అన్నాడు నర్సింలు.

అలా సాగుతుండగా రంజాన్ పండుగ ముందు ఒక మధ్యాహ్నం జలంధర్ తన సాబును వెంటబెట్టుకొచ్చాడు. పేరు తనబె. అసలైన జపాన్ ఇంజనీరు. దోహాలో ఏ సెలూన్ చూసినా కిటకిట, ఆయనకేమో సాయంత్రం మీటింగు. ఆయన్ను చూడగానే తన కథ బయటపడినట్టే అనుకున్నాడు నర్సింలు. బెంచీ మీదివాళ్ళు మాత్రం ముందుకు జరిగి కూర్చున్నారు.

తనబె బొమ్మ చూసి ముఖం విప్పార్చాడు. పాటగాడి పేరు సొరామి అనీ, ఇంట్లో తన కూతురు అతని పిచ్చిలో అన్నం కూడా మరుస్తుందనీ, ఆమె పోరుతో తనకూ అన్నీ వచ్చేశాయనీ చెప్పాడు. ఆయన సగం ఇంగ్లీషును, సైటులో నేర్చిన హిందీని జలంధర్ తెలుగు చేస్తున్నాడు. ఎత్తు చెప్పాడు. వయసు చెప్పాడు. బ్లడ్ గ్రూపు కూడా చెప్పాడు.

"గదెందుకు? రక్తం గిట్ల ఎక్కించాల్నా?" అని ముత్యం కంగారుపడ్డాడు.

"వాళ్ళ తాన పోరగాండ్లు ముందు గదే అడుగుతరట. గుణం తెలుస్తదట," అన్నాడు జలంధర్. తర్వాత గొంతు సవరించుకుని అసలు ప్రశ్న వేశాడు. "సాబ్, షాదీ?"

తనబె తల అడ్డంగా ఊపాడు. నర్సింలు సమయానికి కత్తి వెనక్కి తీశాడు గానీ లేకుంటే చెవి తెగేది. "షాదీ మాఫీ. కంపెనీ నో పర్మిషన్. కాంట్రాక్ట్," అన్నాడు తనబె.

మాఫీ అంటే లేదని, గల్ఫ్‌కు వచ్చినవాళ్ళందరికీ వచ్చే అరబ్బీ ముక్క.

"గంత పెద్ద పాటగాడు గూడ కంపెనీ మనిషేనా?" అన్నాడు ముత్యం మెల్లగా. "మన లెక్క పాస్‌పోర్ట్ గూడ వాళ్ళ తాన్నే ఉన్నదేమో, అడుగు జరా."

జలంధర్ అడిగాడు. తనబెకు ప్రశ్న అర్థం కాలేదు. బెంచీ మీద ఒకరిద్దరు పెదవి చప్పరించి జాలిపడ్డారు.

నర్సింలు ఇక ఆగలేకపోయాడు. "నేను చెప్పిందంత ఉత్తదే. అవన్ని మా ఇంటి ముచ్చట్లు," అన్నాడు.

ముత్యం అతని భుజం తట్టాడు. "నువ్వు గట్లనే చెప్పాలె అన్నా. సాబ్ ముంగట నిజం చెప్తే, ఆ పాటగాని నౌకరి పోదా? మేం ఎవ్వలికి చెప్పం."

బెంచీ మొత్తం తలూపింది. ఏమిటా గుసగుస అని తనబె అడిగితే, ఎవ్వరికీ చెప్పం అన్న ఆ నోళ్ళే అలక దగ్గర్నుంచి చీపురు దాకా పూసగుచ్చినట్టు చెప్పాయి. ఆయన కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి వెళ్ళిపోయాడు.

పండుగ వెళ్ళాక మళ్ళీ వచ్చాడు. జుట్టు పెరగనే లేదు. నవ్వుకోవడానికని కూతురికి ఫోన్లో చెప్పాడట. ఆమె నవ్వలేదు. స్నేహితురాళ్ళకు చెప్పింది. ఇప్పుడు వాళ్ళంతా ఆ భార్య పేరేమిటో, పుట్టిల్లు ఏ ఊరో అడుగుతున్నారు.

"అబద్ధం సాబ్, సబ్ ఝూట్," అన్నాడు నర్సింలు చేతులు జోడించి.

"నేనూ అదే చెప్పాను. అబద్ధమంటే మరింత నమ్ముతోంది," అన్నాడు తనబె దిగులుగా. జలంధర్ ఆ ముక్క కూడా తెలుగు చేశాడు.

జపాన్ దాకా పోయిన ముచ్చట జగిత్యాల పోకుండా ఉంటుందా? పక్క ఊళ్ళో ఉండే జలంధర్ భార్య గంగామణి బాలవ్వకు చెప్పింది. ఆ ఆదివారం బాలవ్వే ఫోన్ చేసింది. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే.

"దుబాయ్‌ల నీకు జపాన్ దోస్తున్నడంట గద. ఆయన పెండ్లాం నాలెక్కనే తిడ్తదంట."

నర్సింలు ఫోన్ ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాడు.

"అలిగి తల్లిగారింటికి పోయిందంట?"

"అవ్," అన్నాడు, ఇక వేరే దారి లేక.

"మరి గాయనకేం రోగం? పోయి తెచ్చుకోవద్దా? పాటలు పాడుకుంట కూసుంటే ఆమెనే వస్తదా? ఎన్నేండ్లాయె ముఖం చూపెట్టక?"

నర్సింలు పాటగాడి తరఫున ఏదో చెప్పబోయాడు. కంపెనీ సెలవియ్యదు, కాంట్రాక్టు అన్నాడు.

"అడిగిండా?" అంది బాలవ్వ.

అడగలేదు. మర్నాడు నర్సింలు తన సెలవు అడిగాడు. సెలూన్ ఓనర్ నిసార్ అహ్మద్ కాసేపు సణిగి, పండుగ గిరాకీ తగ్గింది కదా అని ఒప్పుకున్నాడు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు బయట బాలవ్వ కొంగు నడుముకు చుట్టుకుని నిలబడి ఉంది. నర్సింలు దగ్గరికి రాగానే కిందినుంచి మీది దాకా ఒకసారి చూసింది.

"ఇంతకు ఆయన పోయిండా?"

"పోయిండు. నాలుగు మాటలనకుండ ఆమె ఇంట్లకు రానియ్యలేదంట."

"మంచిగ చేసింది," అని బాలవ్వ అతని చేతిలో సంచి తీసుకుని ముందు నడిచింది.